ముందు ఎడమ టైరు

కొత్త టైరు కింద పెట్టిన నిమ్మకాయ నలక్కుండా పక్కకు దొర్లిపోతే తప్పు ఎవరిది? నిమ్మకాయదా, టైరుదా, స్టీరింగు పట్టుకున్న మనిషిదా? తప్పించుకోకుండా చెప్పండి. "అలాంటివి మేం నమ్మం" అని చేతులు దులుపుకోవద్దు. నమ్మనివాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఒక డ్రైవరుకు అన్యాయం జరుగుతుంటే బందరు లారీ స్టాండులో టీ తాగుతూ కూర్చున్నవాళ్ళలో సగంమంది నమ్మనివాళ్ళే. నోరు మాత్రం ఒక్కరూ తెరవలేదు.

దిష్టి మీద, వాస్తు మీద, ముహూర్తాల మీద ఎన్ని సభల్లో వాదించానో నాకే గుర్తు లేదు. ఎదుటివాడి మాటలో చిల్లు ఎక్కడుందో వెతికి, అందులో వేలు పెట్టి పెద్దది చేయడం కుర్రతనం నుంచీ నాకు అబ్బిన విద్య. కానీ ఈ గొడవలో నా వాదం పూచికపుల్లంత పని కూడా చేయలేదు. పని చేసినవి ఒక జాకీ, ఒక వీలుపానా, ఒక గుడ్డముక్క. ఆ మూడూ చేసిన పని చూశాక కొన్నాళ్ళు నేను మామూలుగా మాట్లాడలేకపోయాను. ఇప్పటికీ అది తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఒళ్ళు జలదరించడానికి భక్తే ఉండాలని ఎవరన్నారు?

లారీ మా వదినది. మా అన్నయ్యకు బందరులో ఎరువుల కొట్టు ఉంది, ఆయన లోకం అదే. లారీ మాత్రం వదిన ఆలోచన, వదిన సొత్తు, వదిన తలనొప్పి. కోతల కాలంలో దివిసీమ ధాన్యం గుడివాడ మిల్లులకు తోలుతుంది. మిగతా రోజుల్లో కృత్తివెన్ను చెరువులకు రొయ్యల మేత. డ్రైవరుది కోడూరు దగ్గర పల్లెటూరు. ఆదివారం చర్చి మానడు, మిగతా వారమంతా బండి మానడు. లారీ కొన్నప్పటి నుంచీ దాని మీద అతనొక్కడే. వదినను అమ్మగారూ అంటాడు, నన్ను మాస్టారూ అంటాడు. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. "ఊరికే అందరికీ పాఠాలు చెప్తారు కదండీ" అన్నాడు ఒకసారి, ఎందుకలా పిలుస్తావంటే.

ముందు చక్రాలకు గుడివాడలో రెండు కొత్త టైర్లు కొని తెచ్చిన రోజు నేను స్టాండులోనే ఉన్నాను. బిగించే ముందు వాటి మీద బండి నంబరు కాల్చాలి. మా వైపు లారీవాళ్ళకు ఇది తప్పనిసరి పని. ఇనుప ఊచ కొసను ఎర్రగా కాల్చి, టైరు పక్కభాగం మీద రబ్బరు కరిగేలా బండి నంబరు రాస్తారు. దారిలో పంక్చరు కొట్లో టైరు మారిపోదు, దొంగ ఎత్తుకుపోయినా అమ్ముకోలేడు. తెలివైన ఏర్పాటే. కానీ ఊచ పట్టుకున్న మనిషి మొదటి అంకె మొదలెట్టబోతుంటే వదిన ఆపింది.

"ముందు శ్రీ రాయవయ్యా. శ్రీ లేకుండా ఎవరైనా మొదలెడతారా?"

అతను టైరును ఇటూ అటూ తిప్పి, తనకు వీలైన చోట వెడల్పాటి శ్రీ కాల్చాడు. దాని పక్కన బండి నంబరు. రెండో టైరుకూ అంతే. పొగ, కమురు వాసన. నాకు నవ్వొచ్చింది. వదిన చూపు చూసి మింగేశాను.

తర్వాత నిమ్మకాయలు. ముందు చక్రాలకు చెరొకటి పెట్టారు. డ్రైవరు పైకెక్కి స్టీరింగు మీద తల ఆనించి తన ప్రార్థన తను చేసుకున్నాడు. నిమ్మకాయలంటే అతనికి అభ్యంతరమూ లేదు, నమ్మకమూ లేదు. 

"అయిందా నీ ప్రార్థన?" అంది వదిన కింద నుంచి.

"అయిందండి."

"అయితే ఇక మా నిమ్మకాయల మీంచి పోనివ్వు."

అందరూ నవ్వారు. బండి కదిలింది. కుడి నిమ్మకాయ చితికింది. ఎడమది టైరు అంచు తగిలి చటుక్కున ఎగిరి, టీకొట్టు బల్ల కిందికి పోయింది. నవ్వులు ఒక్కసారి ఆగాయి. మరో నిమ్మకాయ తెచ్చి తొక్కించమని వదిన అంటే, స్టాండులో పెద్దమనిషిలా చలామణి అయ్యే ఇంకో లారీ డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. "ఒకసారి తప్పిపోయాక మళ్ళీ పెడితే లాభం లేదక్కా" అన్నాడు. ఇతన్ని స్టాండంతా బావ అంటారు, వయసులో పెద్దవాళ్ళు కూడా. నేనూ అలాగే అంటాను.

కొద్ది రోజులకే బండి వణకడం మొదలెట్టింది. ఎక్కడో కాదు. ముందు, ఎడమ వైపు. నిమ్మకాయ తప్పించుకున్న చక్రమే.

ఇప్పుడు చెప్పండి, హేతువాదులారా! కాకతాళీయం అంటారు. నేనూ అదే అన్నాను. స్టాండులో నా మాట ఎవరు వింటారు? 

"నిమ్మకాయ దొర్లిపోలేదు మాస్టారూ, పారిపోయింది. ఇతని మొహం చూసి" అన్నాడు బావ. 

"ప్రార్థన ధ్యాసలో క్లచ్చి సరిగ్గా వదల్లేదు, అందుకే" అన్నాడు ఇంకొకడు.

"క్లచ్చి కాదు, చెయ్యి. కొన్ని చేతులంతే. తగిలిందల్లా పాడు." 

ఈ చివరి మాట అన్నది ఎవరో నాకు తెలీదు. ఆ మాటకి మాత్రం కాళ్ళొచ్చాయి. చెయ్యి మంచిది కాదన్న పేరొస్తే ఆ స్టాండులో ఏ యజమానీ బండి ఇవ్వడు. ధాన్యం ఎక్కించేవాళ్ళు కూడా వేరే బండి చూసుకుంటారు. మా డ్రైవరుకు స్టీరింగు తప్ప వేరే బతుకు తెలీదు. అతను టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "ఈ చేత్తోనే కదండీ తుఫాను రోజు మీ ధాన్యం తడవకుండా తెచ్చింది" అన్నాడు వదినతో. అందరూ వింటుండగా ఆవిడ అన్నది ఒకటే: "ఈ కోతలు అయ్యేదాకా చూస్తాను. ఆ తర్వాత నీ దారి నువ్వు చూసుకో."

మర్నాడు నేను ఆ బండి ఎక్కాను. అవనిగడ్డ దాకా ఖాళీ బండి. వేగం నలభై దాటగానే ఏదో బతికున్న జంతువు కింద మేలుకున్నట్టు నేల లోంచి దడ పుట్టింది. ఎడమ కిటికీ బయటి అద్దంలో వెనకాల రోడ్డు కనిపించడం మానేసి నీళ్ళలో నీడలా చెదిరిపోయింది. కుడి అద్దం మాత్రం నిలకడగా ఉంది. పులిగడ్డ వారధి వచ్చేసరికి అతను వేగం బాగా తగ్గించాడు. కింద కృష్ణ పాయ. 

"ముందు చక్రం మాస్టారూ. పేలితే బండి ఎటు పోతుందో మన చేతుల్లో ఉండదు" అన్నాడు. "గాలి చూపించాను, నట్లు చూపించాను, ఎలైన్‌మెంటు చేయించాను. టైరులోనే ఏదో ఉంది. చేతికి తెలుస్తోంది. కానీ ఆ చేతి మాట ఇప్పుడెవరు వింటారు?"

"టైరుకు వారంటీ ఉంది కదా?"

"ఉందండి. అమ్మగారు నిమ్మకాయ దగ్గరే ఆగిపోయారు."

వదినను ఒప్పించి, అందరం కలిసి గుడివాడ వెళ్ళాం. టైర్లు అమ్మిన డీలరు మర్యాదస్తుడు. ఫ్యాను వేశాడు, కుర్చీలు వేశాడు. టైరు చుట్టూ ఒకసారి తిరిగి, గాడుల మీద అరచెయ్యి పెట్టి చూసి, ఒక చోట ఎక్కువ అరిగిందని వేలితో చూపించాడు. "చూశారాండీ, మచ్చలా అరిగింది. ఇది డ్రైవింగు. బరువెక్కువ వేస్తారు, గాలి చూసుకోరు, బ్రేకు మీద నిలబడతారు. వారంటీ తయారీ లోపానికేనండీ. చేతి లోపానికి కాదు."

మళ్ళీ చెయ్యే! స్టాండులో మూఢనమ్మకం ఆ మాటే అంది, ఫ్యాను కింద వ్యాపారమూ ఆ మాటే అంది. ఆ రెండింటికీ చుట్టరికం ఉందని నేను వేదికల మీద చెప్పేవాణ్ణి గానీ ఒకే గొంతుతో మాట్లాడగా వినడం అదే మొదటిసారి. లేచి నిలబడి ఉపన్యాసం మొదలెట్టాను. వినియోగదారుడి హక్కు అన్నాను, నిరూపణ భారం ఎవరిది అన్నాను, కార్యకారణ సంబంధం అన్నాను. డీలరు చివరిదాకా ఓపిగ్గా విని, లోపలికి కేకేసి నాకు మజ్జిగ తెప్పించాడు.

తిరుగుదారిలో డ్రైవరు గుడ్లవల్లేరు దాటాక, "బాగా మాట్లాడారు మాస్టారూ" అన్నాడు. "టైరు మాత్రం మనతోనే వచ్చేస్తోంది."

వదిన ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో నాకు రోషం వచ్చింది. రోషంలోంచి ఆలోచన వచ్చింది.

"ఇందులో ముద్దాయిలు ముగ్గురు" అన్నాను. "టైరు, బండి, మనిషి. మూడూ ఒకేసారి బోనులో నిలబెడితే ఎవరి తప్పో తేలదు. ఒక్కొక్కదాన్నే మార్చి చూద్దాం. దేన్ని మారిస్తే వణుకు దాని వెంట పోతుందో తప్పు దానిది."

"నాలుగోది నిమ్మకాయ" అంది వదిన. "అది వదిలేస్తే నేనొప్పుకోను."

న్యాయమే. నేను నమ్మను కాబట్టి దాన్ని పరీక్షనుంచి తప్పిస్తే నాకూ ఆ డీలరుకూ తేడా ఏముంది?

మర్నాడు పొద్దున్నే పెడన దాటాక, కాలవ పక్కన తిన్నగా పోయే రోడ్డు మీద మొదలెట్టాం. వదిన మా ఇద్దరి మధ్యా కేబిన్‌లో కూర్చుంది. పరీక్షకు సాక్షిగా బావను కూడా పిలిచింది. అతను వెనక ఎక్కాడు. ముందు నిమ్మకాయలు. ఈసారి ఎడమ చక్రం కింద ఒకటి కాదు, వరసగా పేర్చింది. అన్నీ చితికాయి. రోడ్డంతా పులుపు వాసన. బండి బయల్దేరింది, నలభై దాటింది, ఎడమ అద్దం చెదిరింది.

వదిన చేతిలో మిగిలిన నిమ్మకాయను కొంగు కొసన ముడేసుకుంది.

ఇప్పుడు టైర్లు. జాకీ ఎత్తి, ముందు ఎడమ చక్రం తీసి కుడికి, కుడి చక్రం ఎడమకు బిగించాడు డ్రైవరు. అదే బండి, అదే రోడ్డు, అదే మనిషి, అదే వేగం. స్పీడు ముల్లు నలభై దగ్గరకు పోతుంటే నేను ఎడమ అద్దంలోకి చూస్తున్నాను. అందులో వెనకాల కాలవగట్టు, ఒక సైకిలు, సైకిలు మీద గడ్డి మోపు, గడ్డి పరకలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. నిశ్చలంగా. 

"అమ్మగారూ, ఇటు చూడండి" అన్నాడు డ్రైవరు మెల్లగా.

కుడి అద్దం నీళ్ళలో నీడలా చెదిరిపోతోంది.

ఆ క్షణాన నాలో కలిగినదాన్ని ఏమనాలో నాకు తెలీదు. దేవుణ్ణి చూశామనేవాళ్ళు చెప్పే గగుర్పాటు ఇలాంటిదే అయితే వాళ్ళను నేనిక ఎగతాళి చేయను. కారణాల మీద వాదించడంలోనే నా బతుకు గడిచింది. కానీ ఒక కారణం నేను కదిపిన చోటికి కదిలి, నేను అడిగిన వైపు నిలబడి, "నేనే" అని చేయెత్తడం అంతకుముందెన్నడూ చూడలేదు. ఎవరికీ మొక్కలేదు. ఎవర్నీ బతిమాలుకోలేదు. ప్రశ్నను సరిగ్గా అడిగాం, అంతే. లోకం ఇంత మర్యాదగా జవాబు చెప్తుందని తెలిస్తే మనిషి ఇంకెవరి ముందో చేతులు కట్టుకుని ఎందుకు నిలబడతాడు?

మిగిలింది మనిషి. వదిన తలుపు తీసి వెనక్కి కేకేసింది. "బావా, దిగు. నువ్వు నడుపు."

"నేనెందుకక్కా?"

"నీ చెయ్యి మంచిది కదా."

బావ నడిపాడు. నలభై దగ్గర స్టీరింగు అతని చేతుల్లోనూ అలాగే దడదడలాడింది. మా డ్రైవరు పక్క సీట్లో కూర్చుని కిటికీలోంచి చేలవైపు చూస్తూ, "కాస్త మెల్లగా బావా, నీక్కూడా చర్చి గాలి సోకినట్టుంది" అన్నాడు. బావ నవ్వడానికి ప్రయత్నించాడు. తర్వాత ఆ టైరు తీసి, స్టెప్నీ బిగించి నడిపితే లారీ పడవలా పోయింది.

ఒక్కమాట దాచకుండా చెప్పాలి. ఆ టైరు మీద ఎక్కడో ఉబ్బు ఉండి, అదే మొదటిరోజు నిమ్మకాయను పక్కకు నెట్టిందేమోనని నాకు అనిపించింది. సభలో చెబితే చప్పట్లు మోగిపోతాయి. కానీ నాకు తెలీదు. ఏ నిమ్మకాయైనా గుండ్రంగా ఉంటుంది, గుండ్రటివి దొర్లుతాయి. తెలియనిదాన్ని తెలిసినట్టు చెబితే నేనూ స్టాండులో ఇంకో గొంతునే అవుతాను.

ఈసారి గుడివాడలో డీలరుకు ఉపన్యాసం ఇవ్వలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాం. అద్దాల సంగతి వినగానే ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "అయితే కంపెనీ మనిషి వచ్చే రోజు తీసుకురండి" అన్నాడు. 

ఆ రోజు వచ్చిన ఇన్‌స్పెక్టరు అలసిపోయిన మనిషి. ఆయన కోసం టైర్లు వరసగా ఆనించి ఉన్నాయి. ప్రతి టైరు పక్కనా ఒక యజమాని, చాలాచోట్ల యజమాని వెనక తల దించుకున్న ఒక డ్రైవరు. మా వంతు వచ్చింది. ఆయన ముందుగా చూసింది గాడులను కాదు. టైరు పక్కభాగం మీద సీరియల్ నంబరు కోసం వెతికాడు. ప్రతి టైరుకూ తయారైన చోట ఒక నంబరు ఉబ్బెత్తుగా పడుతుంది, అది లేకుండా ఏ క్లెయిమూ ఎక్కదు. బిల్లు మీద డీలరు ఉత్తి "లారీ టైర్లు" అని రాసి ఊరుకున్నాడు. ఇన్‌స్పెక్టరు టైరును తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. ఆగాడు.

నంబరు ఉండాల్సిన చోట శ్రీ ఉంది. సరిగ్గా దాని మీదే, వెడల్పుగా, లోతుగా, కమిలిన రబ్బరుతో.

"నంబరు లేకపోతే నేనేం చేయలేనండీ" అన్నాడాయన. దురుసుగా కాదు, జాలిగానే. "లోపం ఉందేమో కూడా. కానీ ఏ టైరని రాయను? సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, వేరే ఏదైనా ఆధారం ఉంటే తీసుకురండి."

ఇన్నేళ్ళూ నేను ఎదురుచూసిన దృశ్యం ఇది. శుభం కోసం రాసిన అక్షరం ఆధారాన్ని కాల్చేసింది! నా నోట్లో వాక్యం సిద్ధంగా ఉంది. కానీ డ్రైవరు మొహం చూశాను. టైరు తప్పు కాదని ఇక్కడ తేలితే మిగిలేది అతని చెయ్యే. వాక్యం గొంతులోనే ఆగిపోయింది.

వదిన టైరు ముందు గొంతుక్కూర్చుంది. శ్రీ మీద వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని, అక్కడి ఎత్తుపల్లాలు తడిమింది. తడిమి లేచి, "టైరు ఎక్కించు. పెడన పోదాం" అంది.

వదిన పుట్టిల్లు పెడన. కలంకారీ అద్దకం ఇల్లు. పెళ్ళయ్యేదాకా ఆవిడ చెక్క అచ్చులకు రంగు అద్ది గుడ్డ మీద ముద్రలు వేసిన మనిషి. ఆ సంగతి నాకు తెలుసు, కానీ టైరుకూ దానికీ సంబంధం ఉంటుందని నాకెలా తోస్తుంది?

పొడుగాటి అద్దకం బల్లల మధ్య టైరును పడుకోబెట్టారు. పనిచేస్తున్నవాళ్ళు చేతులాపి చూశారు. "ఇదేం అచ్చమ్మా, ఏ చీరకి?" అన్నారెవరో. వదిన నవ్వలేదు. కుంకుడు రసంతో టైరును కడిగి తుడిచి ఆరబెట్టింది. ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసే నల్ల రంగుంటుంది వాళ్ళ దగ్గర. అందులో బంక కలిపి, గుడ్డ ఉండతో ఆ చోట తేలిగ్గా అద్దింది. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన పల్చటి గుడ్డ పైన పరిచి, పిడికిలి అడుగుతో టపటపా కొట్టింది, అచ్చు మీద కొట్టినట్టే. గుడ్డ ఎత్తింది. నల్లటి ముద్ద.

"రంగెక్కువైంది" అనుకుంది తనలో. తుడిచింది. ఈసారి ఉండను దాదాపు పొడిగా పిండి, రబ్బరును తాకీ తాకనట్టు అద్దింది. గుడ్డ పరిచింది. కొట్టింది. ఎత్తి, తిరగేసి, వెలుతురుకు పట్టుకుంది.

నేను దగ్గరికెళ్ళి చూశాను.

కాలి లోతుపడిన శ్రీకి రంగు అంటలేదు, అది తెల్లగా మిగిలింది. దాని చుట్టూ, దాని మెలికల లోపల, దాని తోక కింద, కాలకుండా మిగిలిన ఉబ్బెత్తు గీతలు నల్లగా లేచాయి. గుడ్డకు టైరు తగిలిన వైపు తిరగబడి ఉన్న అంకెలు రంగు ఇంకిన వెనక వైపు తిన్నగా ఉన్నాయి. కంటికి లేదనిపించిన నంబరు గుడ్డకు ఉంది. ఒక్క అంకె మాత్రం సగం పోయింది. మూడో, ఎనిమిదో.

"ఎలా తెలిసింది వదినా?" 

"తెలియడమేముంది మరిదిగారూ? ఇదీ ఏదో అచ్చులోంచి పుట్టిందే కదా. అచ్చు వేస్తే ఎందుకు చెప్పదు?"

"మరి శ్రీ అడ్డొచ్చింది కదా?" ఆపుకోలేక అనేశాను.

"శ్రీ అడ్డు రాలేదు. నేను చోటు చూసి రాయించలేదు. ఈసారి నంబరుకు ఎడంగా రాయిస్తాను." 

రాయించడం మానేస్తాను అనలేదు. దానికి నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. ఆ పూట ఒక్కటీ వాడలేదు.

సాయంత్రం లోపే గుడివాడ చేరాం. ఇన్‌స్పెక్టరు గుడ్డ అందుకుని వెనక్కి ముందుకి తిప్పి చూశాడు. ఆయన అలసట ఎటు పోయిందో తెలీదు. ఫోన్లో మూడుతో కొట్టి చూశాడు. అది ఏదో కారు టైరు. ఎనిమిదితో కొట్టాడు. ఇదే కొలత, ఇదే రకం, ఇదే డీలరుకు పంపినది. గుడ్డను టైరు మీద పరిచి ఫొటో తీసుకున్నాడు. ఆ తర్వాతే గేజి బయటికి తీశాడు. గాడుల్లో దాని ముల్లు దించి చుట్టూ కొలిచాడు. అరిగిన మచ్చ పక్కన బొటనవేలితో నొక్కాడు. లోపలికి టార్చి పెట్టి చూశాడు.

"లోపలి తీగల పొర విడిపోయిందండీ. మొదట్లోనే సరిగ్గా అతుక్కోలేదు. ఎత్తు అక్కడే లేచింది, అందుకే అక్కడే అరిగింది. అరుగుదల మేరకు మీరు పెట్టుకోవాలి, మిగతాది కంపెనీ ఇస్తుంది." అని, మా డ్రైవరు వైపు తిరిగాడు. "నువ్వేనా నడిపింది? మంచిపని చేశావు, ఇంక నడపలేదు. బరువు మీద ఉండగా ముందు చక్రం పేలితే నేనీ టైరును చూసేవాణ్ణి, నిన్ను చూసేవాణ్ణి కాదు."

ఒప్పుకున్న టైరు మళ్ళీ ఎవరూ వాడకుండా కోసేస్తారు. మా ఎదుటే కోశారు. నల్లటి రబ్బరు మధ్య ఉక్కు తీగలు, వెంట్రుకల్లా సన్నగా, ఒక దిక్కుకు వాలిన వరస మీద ఇంకో దిక్కుకు వాలిన వరస. కోసిన చోట మెరుస్తున్నాయి. వదిన వంగి, "ఇది మగ్గం నేత కదయ్యా" అంది. డ్రైవరు తీగలను వేలి కొసతో ముట్టుకున్నాడు. ఒకచోట రెండు వరసల మధ్య అట్ట దూరేంత సందు ఉంది. అతను అందులోకి గోరు పోనిచ్చి, చాలాసేపు అలాగే ఉంచాడు. "ఇంత సన్నటివాటి మీదా మాస్టారూ, అంత ధాన్యం పోయింది?" అన్నాడు. నేను తల ఊపాను. ఎక్కడో ఎవరో మనుషులు, మనల్ని ఎన్నడూ చూడనివాళ్ళు, ఉక్కును నూలు చేసి, రబ్బరులో నేసి, దాని మీద ఒక నంబరు వేసి, ఇది తప్పితే బాధ్యత మాది అని మాటిచ్చారు. మాట తప్పించుకోబోయింది కూడా మనుషులే, నిలబెట్టిందీ మనుషులే. ఇంతకు మించిన అద్భుతం చూపిస్తానని ఎవరైనా వస్తే నేను వింటాను. కానీ టైరు కోసి చూపించాలి.

కొత్త టైరు వచ్చింది. లారీ దివిసీమ దారి పట్టింది. కథ ఇక్కడ అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. వారం తర్వాత స్టాండుకు వెళ్తే మా డ్రైవరు టీకొట్టుకు దూరంగా, బండి నీడలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బల్ల మీద బావా, మిగతావాళ్ళూ. ఆ రోజు రోడ్డు మీద ఏం జరిగిందో బావ ఎవరికీ చెప్పినట్టు లేదు. కోసిన టైరును స్టాండు చూడలేదు. స్టాండుకు తెలిసింది ఒక్కటే: అతను నడిపిన టైరు పాడైంది.

ఇంటికెళ్ళి వదినతో అన్నాను. 

"టైరు మారింది, అతన్ని ఉంచుకున్నాను, ఇంకేం చెయ్యాలి?" అంది. "తప్పు తనది కాదని అతనికి తెలుసుగా."

"అతనికి మొదట్నుంచీ తెలుసు వదినా. తెలియనిది స్టాండుకి."

ఆవిడ బియ్యం ఏరుతోంది. చేటలోంచి తలెత్తలేదు. నేను వచ్చేశాను.

మర్నాడు పొద్దున స్టాండులో ఆటో దిగింది వదిన. చేతిలో గోనెసంచి. టీకొట్టు బల్ల మీద గ్లాసులు పక్కకు జరిపి, సంచిలోంచి కోసిన టైరు ముక్క తీసి అందరి మధ్యా పెట్టింది. ఎప్పుడు అడిగి తెచ్చుకుందో నాకు తెలీదు.

"ఇదిగో తప్పు" అంది. "వేలు పెట్టి చూడండి. బావా, నువ్వు ముందు పెట్టు. ఆ రోజు నీ చేతిలో కూడా వణికిందా లేదా?"

బావ గొంతు సవరించుకున్నాడు. "వణికిందక్కా."

"గట్టిగా."

"వణికిందీ!"

"ఇతని చెయ్యి మంచిది కాదని ఇక్కడే అన్నారు. నీ దారి చూసుకోమని నేనూ ఇక్కడే అన్నాను. అన్నది తప్పు. ఇతను చెప్పబట్టే బండి మిగిలింది, మనుషులు మిగిలారు." 

స్టాండులోవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చి ఆ తీగల సందులో వేలు పెట్టి చూశారు. పెట్టిన ప్రతివాడూ మొహం మారి, వెనక్కి జరిగి, ఇంకొకడికి చోటిచ్చాడు. బావ ఒక టీ గ్లాసు తీసుకుని బండి నీడ దాకా నడిచి, మా డ్రైవరు చేతిలో పెట్టాడు. అతను సిగ్గుపడిపోయి, "లోడుకు టైమవుతోంది అమ్మగారూ" అన్నాడు. ఆ గ్లాసు పట్టుకున్న చేతిని నేను కళ్ళప్పగించి చూస్తూ ఉండిపోయాను. కంపెనీ గేజి కన్నా ముందు, మా పరీక్షల కన్నా ముందు, టైరులో విడిపోయిన పొరను కనిపెట్టిన చెయ్యి అది.

మీరూ ఎవరినో అనే ఉంటారు. పనిమనిషినో, గుమాస్తానో, ఇంటికొచ్చిన కోడలినో. చెయ్యి మంచిది కాదనో, అడుగు మంచిది కాదనో, ఆ మొహం చూస్తే పని చెడుతుందనో. మీరు అనకపోతే పక్కవాడు అంటుంటే విని ఊరుకున్నారు. చాటుగా క్షమించమని అడిగితే సరిపోదు, చెడ్డపేరు చాటుగా రాలేదు. ఇది చదవడం ఆపి లేవండి. ఎవరి ముందు ఆ మాట అన్నారో వాళ్ళందరినీ పిలిచి, అక్కడే, అందరికీ వినపడేలా, తప్పు ఆ మనిషిది కాదని చెప్పండి. రేపు కాదు, ఇవాళే.